సహకార పరపతి సంఘాలు (బెల్లంకొండ, పల్నాడు ప్రాంతం)

పంట రుణాలు, ఎరువులు, విత్తనాల కోసం రైతులు సభ్యులుగా చేరే గ్రామీణ సంస్థలు, వాడుకలో సొసైటీలు. బెల్లంకొండ మండలం 2022లో పల్నాడు జిల్లా ఏర్పడేవరకు గుంటూరు జిల్లాలో ఉండేది. ఇక్కడి సంఘాలకు నిధులు నాబార్డు (జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు), ఆప్కాబ్ (రాష్ట్ర సహకార బ్యాంకు)ల నుంచి గుంటూరు జిల్లా కేంద్ర సహకార బ్యాంకు ద్వారా అందుతాయి.

ఆవిర్భావం

ఫ్రెడరిక్ నికల్సన్ మద్రాసు ప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక (1895-97) జర్మనీలోని రైఫైజన్ గ్రామీణ పరపతి సంఘాల పద్ధతిని సిఫారసు చేసింది. 1904లో పరపతి సంఘాల చట్టం వచ్చింది. దేశంలో తొలి సంఘం ఏదన్నది వివాదాంశం. గదగ్ సమీపంలోని కణగినహాళ్ సంఘమని (1905) కొందరు, చెంగల్పట్టు జిల్లా తిరూరు సంఘమని (1904) మరికొందరు రాశారు. తేదీని బట్టి తిరూరు వాదమే బలమైనదిగా తోస్తుంది. బరోడాలోని అన్యోన్య సహకారి మండలి (1889) ఇంకా పాతది గాని, చట్టానికి ముందుది.

ప్రభుత్వ పాత్ర

1951-52లో గ్రామీణ రుణాల్లో సహకార సంఘాల వాటా సుమారు 3 శాతమేనని, దాదాపు 70 శాతం వడ్డీ వ్యాపారులదేనని గ్రామీణ పరపతిని సర్వే చేసిన గోర్వాలా కమిటీ (1954) తేల్చింది. సంఘాల్లో ప్రభుత్వం కూడా వాటాధనం పెట్టాలని సూచించింది. సొమ్ముతోపాటు అజమాయిషీ కూడా వచ్చింది. 1964 నాటి రాష్ట్ర సహకార సంఘాల చట్టం ప్రభుత్వ అధికారి అయిన రిజిస్ట్రారుకు విస్తృతాధికారాలిచ్చింది. 1987లో ఏకగవాక్ష పద్ధతి స్వల్పకాలిక, దీర్ఘకాలిక రుణాలను ఒకే సంఘం కిందికి తెచ్చింది. ప్రభుత్వ వాటా లేకుండా సభ్యులే నడుపుకొనే వీలును 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కల్పించింది. ఉదాహరణకు, వడ్లమూడిలోని పాల సహకార సంస్థ సంగం డెయిరీ (స్థాపన 1977) ఈ చట్టం కిందికి మారి, తర్వాత ప్రొడ్యూసర్ కంపెనీ అయింది. 2021లో ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకుంటూ ఇచ్చిన ఉత్తర్వును హైకోర్టు కొట్టివేసింది.

పల్నాడులో పరపతి

1967లో నాగార్జునసాగర్ నీరు విడుదలయ్యాక కుడికాలువ ఆయకట్టులో పత్తి, మిరప విస్తరించాయి. రెండూ పెట్టుబడి ఎక్కువగా కోరే పైర్లే. రైతు పట్టాదారు పాసుపుస్తకం, అడంగల్ (సాగు వివరాల రికార్డు) నకలు తెస్తే సంఘం పంటను, ఎకరాలను బట్టి అప్పు మంజూరు చేస్తుంది. అందులో కొంత షేరుధనంగా పట్టుకుంటుంది. చాలని సొమ్ము కోసం మిరప రైతు గుంటూరు యార్డులోని కమీషన్ ఏజెంటును ఆశ్రయిస్తాడు. కోశాక సరుకు సాధారణంగా ఆ కొట్టుకే చేరుతుంది.

కౌలురైతు పేరున పాసుపుస్తకం ఉండదు. 2011, 2019 నాటి రాష్ట్ర సాగుదారుల చట్టాలు కౌలురైతుల గుర్తింపు కార్డులకు దారి చూపినా, రెండో చట్టం భూయజమాని అంగీకారాన్ని తప్పనిసరి చేసింది. తమ భూమి హక్కుకు ముప్పు వస్తుందన్న భయంతో చాలామంది యజమానులు సంతకం పెట్టరు. అప్పు పొలం యజమాని పేరున, సాగు మరొకరి చేతుల్లో ఉన్నంతకాలం, ఎక్కువ అవసరం ఉన్నవాడే సంఘానికి వెలుపల మిగులుతాడు. పల్నాడు సహకారోద్యమంలో ఇంకా తీరని ప్రధాన లోపం ఇదే.