గౌరీపట్నం క్వారీలో ఓ పాత సముద్రం

మా నూజెండ్ల ఇంటి వసారా నిండా నాపరాళ్ళే. పల్నాడులో అదేం విశేషం కాదు. మాచర్లలో ఆ రాయిని పలకలుగా తీస్తారు, పిడుగురాళ్ళలో సున్నపురాయిని కాల్చి సున్నం చేస్తారు. ఇదంతా ఒకప్పటి సముద్రపు బురద అని స్కూల్లో విన్నాక, ఆ పలకల మీద గవ్వల కోసం తెగ వెతికాను. దొరకలేదు. ఆ రాయి 54 కోట్ల ఏళ్ళ కంటే పాతది. గుల్ల కట్టుకునే ప్రాణులు అప్పటికింకా సముద్రాల్ని నింపలేదు.

గవ్వలున్న రాయి కావాలంటే గోదావరి దాకా పోవాలి. కొవ్వూరు వైపు పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో కంకర కోసం నల్లరాయి తవ్వుతారు. అది లావా. పడమటి కనుమల వైపు పుట్టి, వెయ్యి కిలోమీటర్ల దాకా పారి వచ్చిందని అంచనా. కింద ఒక లావా, పైన ఒక లావా, మధ్యలో సున్నపురాయి, బంకమట్టి. మొదటి లావా ఆగి రెండోది వచ్చేలోపు అక్కడ నీళ్ళు నిలిచాయన్నమాట.

ఎప్పుడు? నాగపూర్‌లో ఉన్న మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ 1860లోనే ఈ గవ్వల్ని వర్ణించి, ఇవి టెర్షియరీ కాలానివన్నాడు, అంటే డైనోసార్ల తర్వాతివి. చాలామంది ఒప్పుకోలేదు. కంటికి కనిపించే గవ్వలతో ఆ తగవు తెగలేదు.

తేల్చడానికి కంటికి ఆనని గుల్లలు కావాల్సి వచ్చింది. ఫోరామినిఫెరా అంటే ఒకే కణం ఉన్న సముద్రజీవి. మట్టిని నానబెట్టి, సన్నటి జల్లెడలో కడిగి, మైక్రోస్కోపు కింద పెడితే కనిపిస్తుంది. కొన్ని జాతులు నీళ్ళలో తేలతాయి, కొన్ని అడుగున బతుకుతాయి. తేలేవి కనిపిస్తే సముద్రం అక్కడిదాకా వచ్చినట్టు. ఆల్చిప్పలు మిగిలితే ఉప్పూ మంచీ కలిసే నదీముఖం. ఏ జాతి ఎప్పుడు పుట్టి ఎప్పుడు పోయిందో తెలుసు కాబట్టి, అవే క్యాలెండరు కూడా.

2008లో గెర్టా కెల్లర్ బృందం ఈ క్వారీల పొరల్లో వెతికితే, డైనోసార్లు అంతరించిన వెంటనే పుట్టిన బుల్లి జాతులు దొరికాయి. అంటే సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందటి మాట. హిస్లాప్ చెప్పిన వైపే నిజం, కాకపోతే ఆ కాలపు గుమ్మం దగ్గర. కింది లావా ఆ వినాశనం నాటికి దాదాపు ఆగిపోయిందని, కాబట్టి నేరంలో అగ్నిపర్వతాలకీ వాటా ఉందని కెల్లర్ వాదన. మెక్సికోలో పడ్డ ఉల్కే కారణమనేవాళ్ళు ఒప్పుకోరు. 2019లో రెండు బృందాలు లావా వయసుని వేరే పద్ధతుల్లో కట్టి, ఒకే పత్రికలో రెండు రకాల లెక్కలు చెప్పాయి. కేసు ఇంకా నడుస్తోంది.

సాక్ష్యం మాత్రం క్వారీ గోడలో ఉంది. క్వారీ తవ్వకపోతే ఆ పొర మనకి కనిపించేదే కాదు. తవ్వుతూనే పోతే మిగలదు. మా వసారా రాయిలో వెతకడానికి గవ్వ లేదు. అక్కడ ఉంది, కానీ దాన్ని వెతికేలోపే ఆ గోడ ఏ రోడ్డు కిందో కంకరైపోవచ్చు.