మిషన్ సొరుగులోని పుస్తకం

మన సంఘాల్లో అప్పు తీసుకున్న అక్కను దేనికి తీసుకున్నావమ్మా అని అడిగితే బర్రె, మేకలు, చిన్న అంగడి అంటారు. ఆ తర్వాత వినపడే మాట కుట్టుమిషన్. పెద్దకడుబూరు మండలంలో మిషన్ చప్పుడు వినపడని వీధులు ఇప్పుడు తక్కువ. ఆ మిషన్‌కు ఒక సొరుగు ఉంటుంది. తీసి చూస్తే బాబిన్లు, విరిగిన సూదులు, సుద్దముక్క, టేపు, ఎప్పుడో కట్టిన కంతు రసీదు. కొన్న రోజు అందులో ఇంకొకటి కూడా ఉండింది. నూనె యాడ పోయాలి, దారం ఎట్ల ఎక్కించాలి అని బొమ్మలతో చెప్పే చిన్న పుస్తకం. మాలో చాలామంది ఇళ్లలో అది మొదటి నెలలోనే పిల్లల చేతుల్లో పడవలైపోయింది. చదివేవాళ్లు లేరు, కాబట్టి దాచినవాళ్లూ లేరు.

ఈ ఏటి నివేదికలో ఆ పుస్తకం చరిత్ర రాద్దామనుకున్నాము. ఎందుకంటే నిరుడు ఎండాకాలం మేము పన్నెండు మందిమి సమాఖ్య ఆఫీసు వెనక గదిలో అట్లాంటిదే పెద్ద పుస్తకం ఒకటి ముందు పెట్టుకుని నెలన్నర కూర్చున్నాము. ఒక సభ్యురాలి కూతురు బెంగళూరులో పాత పుస్తకాల అంగట్లో కొని పంపిన ఇంగ్లీషు పుస్తకం అది. జాకెట్, లంగా, గౌను కుట్టడం మాకు కొత్త కాదు. అదే మిషన్‌తో పువ్వులు, తీగలు, అంచులు వేయవచ్చని మాత్రం మాకు ఎవరూ చెప్పలేదు. ఆ మాట అచ్చులో వచ్చి వంద ఏళ్లు దాటిందని తెలిసినాక కొంచెం కోపం కూడా వచ్చింది.

కుట్టుమిషన్ అమెరికాలో ఒక్కరి చేతిలో పుట్టింది కాదు. అక్కడ ఎలియాస్ హోవ్ 1846లో, ఐజాక్ సింగర్ 1851లో పేటెంట్లు తీసుకున్నారు. అప్పట్లో దాని ధర మామూలు సంసారానికి అందేది కాదు. అందుకని సింగర్ కంపెనీ 1856లో కంతుల పద్ధతి పెట్టింది. కొంచెం కట్టి మిషన్ ఇంటికి తీసుకుపో, మిగతాది నెలనెలా కట్టు అన్నది. మనకు బాగా తెలిసిన పద్ధతే. సంఘం పొదుపులోంచి తీసుకున్న అప్పుకు వడ్డీ మళ్లీ మన సంఘానికే వస్తుంది, అక్కడ కంపెనీకి పోయింది, అంతే తేడా.

మిషన్ ఇంటికి చేరినంత మాత్రాన దాని పని అందరికీ రాదు కదా. కంపెనీలు నేర్పే మనుషులను పెట్టినాయి, పుస్తకాలు అచ్చేసినాయి. 1911లో సింగర్ కంపెనీ అచ్చేసిన పుస్తకం ఒకటి ఉంది. కాళ్లతో తొక్కే ఇంటి మిషన్‌తోనే ఎంబ్రాయిడరీ ఎట్ల చేయాలో పాఠాలుగా చెప్పే పుస్తకం. దానికోసం వేరే మిషన్ కొనాల్సిన పని లేదు. మొదట మిషన్‌ను సిద్ధం చేసుకోవడం, తర్వాత గీత మీద కుట్టడం, ఆ తర్వాత నింపుడు కుట్టు, చిల్లుల పని, ఇట్ల ఒక మెట్టు తర్వాత ఒక మెట్టు. కంపెనీ దీన్ని మిషన్లు అమ్ముకోవడానికే చేసింది, సందేహం లేదు. అయినా నేర్చుకున్నవాళ్లు నేర్చుకున్నారు. లండన్‌లో ఆ కంపెనీ ఎంబ్రాయిడరీ గదిలో చిన్న వయసులోనే పనికి చేరిన డొరోతీ బెన్సన్, చేసి చేసి, నేర్పి నేర్పి, 1946లో మిషన్ ఎంబ్రాయిడరీ మీద తనే పుస్తకం రాసింది. పనిచేసే ఆడమనిషి పేరు పుస్తకం అట్ట మీదికి రావడం మాకు నచ్చింది.

మన దేశంలోకి మిషన్ 1800ల చివర్లోనే వచ్చింది. పెద్ద యంత్రాలంటే పడని గాంధీగారు కూడా 1924లో కుట్టుమిషన్‌ను మాత్రం మినహాయించి మంచి మాట చెప్పినారు. 1930లలో కలకత్తాలోని జయ్ ఇంజనీరింగ్ వర్క్స్ ఇక్కడే మిషన్లు తయారు చేయడం మొదలుపెట్టింది. మన ఇళ్లలోని ఉషా మిషన్ ఆ కంపెనీదే. మిషన్ ఊరూరికీ వచ్చింది గానీ, మా సొరుగుల్లో కనపడిన పుస్తకాలు మాత్రం ఇంగ్లీషువి, హిందీవి.

మన పక్క బట్టకు సొగసు తెచ్చే చేతులకు ఎప్పుడూ కరువు లేదు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టినారు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆదోని పత్తికి, బట్టల అంగళ్లకు పేరు. తండాల్లో సుగాలి అక్కలు అద్దాలు, గవ్వలు పెట్టి కుట్టే పనికి పుస్తకమే లేదు, తల్లి చేతిని చూసి బిడ్డ నేర్చింది. పక్కనున్న బళ్లారి జిల్లా సండూరులో ఈ కుట్టుకే ఇప్పుడు జీఐ గుర్తింపు ఉంది. ఇన్ని ఉన్నా వానలు తప్పితే మన ఊళ్లు ఖాళీ అయ్యేది సుగ్గికే. గుంటూరు పక్క మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి బిడ్డలను వెంటబెట్టుకుని పోతాము. ఇంట్లో కూర్చుని చేసే పని ఒక్కటి ఎక్కువ వస్తే సుగ్గి ఒక నెల తగ్గుతుందని మా లెక్క. మిషన్ అప్పు అడిగేటప్పుడు చాలామంది మనసులో ఉండేది అదే.

ఊళ్లో ఆడవాళ్లకు కుట్టు నేర్పడం అనేది ప్రభుత్వ పథకాల్లో పాత సంగతి. 1952లో సమాజాభివృద్ధి పథకం మొదలైనాక మహిళా మండళ్లు వచ్చినాయి, గ్రామసేవికలు వచ్చినారు, మండలికి ఒకటో రెండో మిషన్లు వచ్చినాయి. 1982లో డ్వాక్రా వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద లేచిన ఆడవాళ్ల మాట రాష్ట్రమంతా పాకినాక పొదుపు సంఘాలకు ఊపు వచ్చింది. 2000లో వెలుగు, ఆ తర్వాత ఇందిరా క్రాంతి పథం. ప్రతి కాలంలోనూ కుట్టు శిక్షణ ఉంది. కానీ మాకు దొరికిన ప్రతి శిక్షణలోనూ పాఠం ఒకటే: కొలతలు, కత్తిరింపు, నేరుకుట్టు. 2020లో కరోనా వచ్చి మనిషికి మూడు లెక్కన 16 కోట్ల మాస్కులు పంచుతామని ప్రభుత్వం చెప్పినప్పుడు సంఘాల ఆడవాళ్లే కుట్టినారు. అది కూడా నేరుకుట్టే. రాత్రింబగళ్లు కుట్టినాము, డబ్బులు వచ్చినాయి, పని అయిపోయింది.

అలంకారపు కుట్టుకు చదువు లేదా అంటే ఉంది. ప్రభుత్వ పరీక్షల విభాగం టైలరింగ్, ఎంబ్రాయిడరీలో లోయర్, హయ్యర్ అని రెండు పరీక్షలు పెడుతుంది. లోయర్‌కు కూర్చోవాలంటే ఏడో తరగతి పాసై ఉండాలి. 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా ఆడవాళ్లలో చదవను రాయను వచ్చినవాళ్లు సగం మందే. మన పడమటి మండలాల్లో ఇంకా తక్కువ. మా పన్నెండు మందిలో ఏడో తరగతి దాటినవాళ్లు నలుగురు. మిషన్ మీద ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న ముగ్గురూ వేలిముద్ర నుంచి సంతకం దాకా వచ్చినవాళ్లు, అంతే.

అందుకని మేము కూర్చున్న తీరు ఇట్ల ఉండింది. ఇంటర్ చదివే పాప పుస్తకం పట్టుకుని ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పేది. మిషన్ మీద అందరికంటే పెద్దక్క కూర్చునేది. మిగతావాళ్లం చుట్టూ. పాపకు ఇంగ్లీషు తెలుసు, మిషన్ తెలియదు. అక్కకు మిషన్ తెలుసు, ఇంగ్లీషు తెలియదు. మొదటి వారం ఇద్దరికీ పొసగలేదు. "నువ్వు చదివింది తప్పు" అని అక్క, "ఉండేదే చదివినాను పెద్దమ్మా" అని పాప.

పుస్తకం చెప్పిన మొదటి సంగతి, బట్టను అదిమిపట్టే ఫుట్టు తీసేయమని. పెద్దక్క ఒప్పుకోలేదు. ఫుట్టు లేకుండా కుడితే వేలు పోతుంది అన్నది. రెండోది, బట్టను ముందుకు తోసే కింది పళ్లను దింపమని. మూడోది, బట్టను గుండ్రటి ఫ్రేములో డోలు చర్మంలా బిగించి, చేతితో జరుపుకోమని. అసలు గుట్టు ఇదే. నేరుకుట్టులో బట్ట యాడికి పోవాలో మిషన్ చెబుతుంది. పళ్లు దింపినాక కుట్టేవాళ్లు చెబుతారు. సూది పెన్సిల్ మాదిరి ఒక్కచోట ఆడుతా ఉంటుంది, కాగితాన్నే మనం తిప్పుతాము. ఫ్రేము తిరగేసి బిగించాలి. మామూలుగా చేతి ఎంబ్రాయిడరీలో బట్ట పైన ఉంటుంది, ఇక్కడ బట్ట కింద ఆనాలి, మిషన్ పలక మీద చదునుగా పడాలి.

అంతా చేసి తొక్కితే కింద దారం గూడు కట్టింది. బాబిన్ మార్చినాము, సూది మార్చినాము, నూనె పోసినాము. రెండు రోజులు పోయినాయి, నాలుగు సూదులు విరిగినాయి. మూడో రోజు పాప అదే పేజీ మళ్లీ చదివింది. ఫుట్టు తీసేసినా దాన్ని దింపే మీట మాత్రం కిందికే ఉండాలని ఒక చిన్న వాక్యం ఉంది. ఫుట్టు లేదు కదా అని మేము మీట పైకే వదిలినాము. మీట దింపకపోతే పై దారానికి బిగువు రాదు, వదులైన దారమంతా కిందికి పోయి గూడు కడుతుంది. బొమ్మలో అది కనపడదు, చదివితేనే తెలుస్తుంది. అక్షరం విలువ ఇదని ఎవరూ అనలేదు గానీ, ఆ సాయంత్రం నుంచి పెద్దక్క పాపను పక్కనే కూర్చోబెట్టుకున్నది.

పుస్తకానికి తెలియనివి కూడా ఉన్నాయి. ఒక పాత మిషన్‌లో పళ్లు దింపే స్క్రూ తుప్పుపట్టి కదలలేదు. పెద్దక్క కుట్టు పొడవును సున్నాకు పెట్టింది. పళ్లు పైకే ఉన్నా బట్టను తోయవు, పని జరిగిపోయింది. కాలు, చేయి జత కలవడం ఏ పుస్తకమూ నేర్పలేదు. కాలు వేగంగా ఆడి చేయి మెల్లగా జరిగితే దారం కుప్ప పడుతుంది. చేయి వేగమై కాలు మందమైతే కుట్లు పొడుగై సూది వంగుతుంది. దీనికి వారం రోజులు పాతచీర ముక్కల మీద సున్నాలు చుట్టడం తప్ప దారి లేదు.

మాకు అన్నిటికంటే నచ్చింది జరీ పని. లావు జరీ దారం సూది బెజ్జంలో పట్టదు, పట్టినా తెగుతుంది. దాన్ని చేత్తో బాబిన్‌కు చుట్టి, బాబిన్ కేసు స్క్రూ కొంచెం వదులు చేసి, బట్టను తిరగేసి కుట్టాలి. మనం కుట్టేది వెనకపక్క, జరీ పడేది ముందుపక్క. పని అయ్యేదాకా కంటికి కనపడదు, తిప్పి చూస్తే చేత్తో కుట్టినట్టు మెరుస్తుంది. మాలో ఒకామె ఉత్సాహంగా చేతిసంచి మీద 'పొదుపు' అని రాసింది. తిప్పితే అక్షరాలన్నీ అద్దంలో మాదిరి తిరగబడి ఉన్నాయి. గీసేది వెనకపక్క కాబట్టి గీత కూడా తిరగేసే గీయాలి. ఆ సంచి ఇప్పటికీ ఆఫీసులో మేకుకు వేలాడుతా ఉంది.

ఇంక డబ్బు సంగతి. మామూలు జాకెట్ కూలికీ, మగ్గం వర్క్ జాకెట్ కూలికీ తేడా అందరికీ తెలిసిందే. ఒకటి వందల్లో, ఇంకొకటి వేలల్లోకి పోతుంది. మేము నేర్చుకున్నది మగ్గం వర్క్ కాదు, దాని ధర రాదు. ఆదోని అంగళ్లలో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్లు కూడా వచ్చేసినాయి. పువ్వు మొత్తం నింపే పనిలో వాటితో పోటీ పడితే మనం నష్టపోతాము. ఇది మా గట్టి అభిప్రాయం. జరీ అంచు, అతుకుల పువ్వులు, పాత చీర కొంగును కొత్త జాకెట్‌కు కలపడం, ఇవి ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా అడుగుతారు. కంప్యూటర్ మిషన్ వాళ్లు ఒక్క జాకెట్ కోసం కొత్త డిజైన్ చేయాలంటే దానికి వేరేగా డబ్బు అడుగుతారు. అక్కడ మనకు చోటుంది.

నరసాపురం లేసు కథ కూడా ఒకసారి వినాలి. గోదావరి పక్క వేలమంది ఆడవాళ్లు ఇళ్లలో అల్లిన లేసు విదేశాలకు పోయింది, 2024లో దానికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. కానీ 1982లో మరియా మీస్ ఆ లేసు పనివాళ్ల మీద రాసిన పుస్తకంలో, రోజంతా అల్లే ఆడవాళ్లను పనివాళ్లుగా కాక ఖాళీ సమయం గడిపే గృహిణులుగానే లెక్కవేసినారని, లాభం వ్యాపారులకు పోయిందని చూపించింది. మాకు ఇది చదివి వినిపించినాక మేము ప్రతి నమూనా పక్కన పట్టిన గంటలు రాయడం మొదలుపెట్టినాము. ఒక జరీ అంచుకు మొదట ఐదు గంటలు పట్టింది, ఇప్పుడు రెండుకు వచ్చింది. ధర అడిగేటప్పుడు ఆ గంటలు చూసుకునే చెబుతున్నాము. ఒకరిద్దరు ఎక్కువ అన్నారు, వెనక్కి పోయినారు. పోనీలే అనుకున్నాము.

పాప చెప్పిన తెలుగును ఒక పెద్ద నోటుబుక్కులో రాసుకున్నాము. ప్రతి పేజీకి కుట్టిన ముక్క అంటించినాము, చదవడం రానివాళ్లు వేలితో తడిమి చూసేటట్టు. వెనకపక్క కూడా కనపడాలని ముక్కను ఒక అంచుకే అంటించినాము. మీట దింపమనే వాక్యాన్ని ఎర్ర ఇంకుతో, పేజీ అంత పెద్దగా రాసినాము. ఇప్పటికి పదకొండు నమూనాలు అయినాయి. పన్నెండోది కట్ వర్క్. చుట్టూ దగ్గరగా కుట్టి మధ్య బట్ట కత్తిరించే పని. అది మొదలుపెట్టే లోపల వానలు పడి విత్తనాల పనిలో పడినాము, పంట అయినాక నలుగురు సుగ్గికి పోయినారు. ఆ పేజీ ఖాళీగానే ఉంది. ఉగాదికి అందరూ తిరిగి వచ్చినారు కాబట్టి వచ్చే నెల మొదటి సోమవారం నుంచి మళ్లీ కూర్చుంటున్నాము. నోటుబుక్కు ఆఫీసు బీరువాలో ఉంది, రిజిస్టరులో సంతకం పెట్టి ఏ ఊరి సంఘమైనా వారం రోజులు తీసుకుపోవచ్చు. కూర్చోవడానికి వచ్చేవాళ్లు ఫ్రేము, మొన పాడవని చిన్న కత్తెర, రెండు రంగుల దారం తెచ్చుకోవాలి. సూదులు మాత్రం నాలుగు ఎక్కువే తెచ్చుకోండి.