పీట మీది ఆనందం

మన సంస్కృతం మాట ఎంత దూరం వెళ్ళిందో చూడండి! 1992లో జెరూసలేంలో శాస్త్రజ్ఞులు పంది మెదడులోంచి ఒక కొవ్వు పదార్థం తీసి, దానికి ‘ఆనందమైడ్’ అని పేరు పెట్టారు. పేరులో ఆనందం మనదే. అసలు కథ మాత్రం గంజాయితో మొదలైంది.

రఫాయెల్ మెషూలమ్ అనే ఆయన 1960ల మొదట్లో పోలీసుల దగ్గర అయిదు కిలోల హషీష్ అడిగి పుచ్చుకుని, సంచీలో వేసుకుని బస్సెక్కారట. ఏమిటండీ ఈ వాసన అని తోటివాళ్ళు అడిగారని తరవాత ఆయనే చెప్పుకున్నారు. అది చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. 1964లో ఆయనా, గావొనీ కలిసి మత్తుకి మూలమైన టి.హెచ్.సి.ని వేరుచేశారు. అది వచ్చి కూర్చునే పీట మన మెదడులోనే ఉందని 1988లో అమెరికాలో ఆలిన్ హౌలెట్, విలియం డివేన్ కనిపెట్టారు. గంజాయి కోసం ఎవరైనా మెదడులో పీట వేసి ఉంచుతారా? అది ఇంటిమనిషి కోసం వేసిన పీట. ఆ ఇంటిమనిషే ఆనందమైడ్.

ఇక డోపమైన్ సంగతి. ఉత్సాహానికీ, కాళ్ళూ చేతుల కదలికకీ కావలసిన రసాయనం అది. దాన్ని తయారుచేసే కణాలు చచ్చిపోతే కంపవాతం. కొన్నిచోట్ల అది హద్దు మీరితే లేని గొంతులు వినిపిస్తాయి. గంజాయి ఈ కణాల్ని దాదాపు నేరుగా ముట్టుకోదు. వాటిని ‘చాల్లే, ఆగు’ అని అదిలించే పొరుగు కణాల నోరు నొక్కేస్తుంది. పెద్దవాళ్ళు ఊరెళ్ళిన ఇంట్లో పిల్లల గోల ఎలా ఉంటుంది? అలాగన్నమాట. ఆనందమైడ్ కూడా ఆ పీట మీదే కూర్చుంటుంది గాని, పని కాగానే కరిగిపోతుంది. టి.హెచ్.సి. గంటలకొద్దీ లేవదు.

మాకు తెలిసినవాళ్ళబ్బాయి, బంగారంలాంటి కుర్రాడు, గోడలు తనని తిడుతున్నాయని ఏడ్చేవాడు. కారణం గంజాయేనని నేను చెప్పలేను. కాని స్వీడన్‌లో 1969-70లో సైన్యానికి పిలిచిన 45,570 మంది కుర్రాళ్ళ సంగతి పదిహేనేళ్ళు చూశారు. చేరేనాటికే యాభైసార్లకి మించి గంజాయి తాగినవాళ్ళలో, అసలు ముట్టనివాళ్ళకన్న ఆరు రెట్ల మందికి స్కిజోఫ్రీనియా వచ్చిందని 1987లో ప్రకటించారు. తాగిన ప్రతివాడికీ వస్తుందని కాదు. అయినా ఎదిగే పిల్లలున్న ఇల్లాలికి ఈ లెక్క చిన్నదేం కాదు.

కంపవాతానికి గంజాయి నూనె మంచిదని చెవిలో ఊదేవాళ్ళూ ఉన్నారు. 2004లో ఇంగ్లండులో కొద్దిమంది రోగులకి ఇచ్చి చూస్తే గుణం కనిపించలేదు. డాక్టర్లు ఇప్పటికీ ముఖ్యంగా రాసేది ఎల్-డోపాయే. మెదడులోకి వెళ్ళి డోపమైన్‌గా మారేది అదే. మన దూలగొండి గింజల్లో అది ఉందని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి తేల్చారు. అవునండీ, కాయ నూగు తగిలితే ఒళ్ళంతా గోకించే ఆ దూలగొండే!