సింగరేణి బొగ్గు, ప్రయాణికుల రైలింజను

ఇల్లెందు అడవుల్లో 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గును గుర్తించిన తరువాత, దానిని బయటికి చేర్చడానికి డోర్నకల్ నుంచి సింగరేణి గనులకు శాఖామార్గం పడింది; 1889లో బెజవాడ మార్గం పూర్తి కావడంతో ఖమ్మం మీదుగా ప్రయాణికుల బండ్లు కూడా నడిచాయి. ఆ శాఖ తరువాతి కాలంలో కొత్తగూడెం దాకా సాగి, గోదావరి ఒడ్డునున్న భద్రాచలానికి ఇంకా సుమారు 40 కిలోమీటర్ల దూరాన ఆగిపోయినా, అక్కడి స్టేషనుకు భద్రాచలం రోడ్ అనే పేరు వచ్చింది. ఈ మార్గాల చరిత్రను పట్టాలతో, గనులతో ముగించడం సరికాదు. ఇంజను రూపకల్పనలోనూ బొగ్గు ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఒక్కొక్క రైల్వే కంపెనీ తనకు నచ్చిన తీరులో ఇంజన్లు చేయించుకోవడంతో ఒకదాని భాగాలు మరొకదానికి అమరేవి కావు. అందువల్ల బ్రిటన్‌లోని ఇంజనీరింగ్ ప్రమాణాల కమిటీ 1903 నుంచి భారతీయ రైల్వేలకు ఉమ్మడి నమూనాలను రూపొందించింది. వాటిలో బరువైన ప్రయాణికుల బండ్లకు ఉద్దేశించిన ఇంజనుకు ముందు నాలుగు చిన్న చక్రాలు, వాటి వెనుక బండిని లాగే ఆరు పెద్ద చక్రాలు ఉండేవి; పెద్ద చక్రాల వ్యాసం 6 అడుగుల 2 అంగుళాలు. బొగ్గు మండే పొయ్యి, అంటే ఫైర్‌బాక్స్, చట్రం పలకల మధ్య ఇరుకుగా ఇమిడేది కనుక నిప్పు పరచుకునే జాలీ వైశాల్యం సుమారు 32 చదరపు అడుగులకు పరిమితమైంది.

మేలైన బొగ్గుకు ఆ పొయ్యి సరిపోయినా, సింగరేణిలో దొరికే గోండ్వానా జాతి బొగ్గుల్లో బూడిద ఎక్కువ కావడం వల్ల అవసరమైన ఆవిరి పుట్టించడానికి వెడల్పైన జాలీ కావాలి. 1920ల్లో ప్రభుత్వం రూపొందించిన ఎక్స్‌ఏ, ఎక్స్‌బీ, ఎక్స్‌సీ తరగతులు ఈ అవసరానికే పుట్టాయి: పెద్ద చక్రాల వెనుక అదనంగా రెండు చిన్న చక్రాలు అమర్చి, వాటి మీద పొయ్యిని చట్రానికి వెలుపలి దాకా విస్తరింపజేశారు. ఎక్స్‌బీలో జాలీ 45 చదరపు అడుగులైంది. తక్కువ రకం ఇంధనంతో పని జరిపించాలన్న ఆ నిర్ణయం ఎంతో వివేకవంతమైనది.

అయితే పొయ్యి మీద పెట్టినంత శ్రద్ధ నడక మీద పెట్టలేదు. ఈ ఇంజన్లు వేగంలో పక్కలకు ఊగి పట్టాలను వంచేవి. 1937 జూలై 17న బిహార్‌లోని బిహ్టా వద్ద ఎక్స్‌బీ లాగుతున్న బండి పట్టాలు తప్పి వంద మందికి పైగా మరణించగా, అలన్ మౌంట్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ ఇంజను ఊపును అదుపుచేసే స్ప్రింగులను, పట్టాల బలాన్ని కలిపి పరిశీలించింది. 1947లో వచ్చిన డబ్ల్యూపీ తరగతి ఆ దోషాన్ని సవరించుకొని, వెడల్పు పొయ్యిని మాత్రం అలాగే నిలుపుకుంది.