నగరం ఎవరిది? అమీర్‌పేట, పంజాగుట్టల్లో దళితుల చిరునామా

హైదరాబాద్‌లో మీకేం నచ్చుతుందని ఎవర్నడిగినా చార్మినార్, బిర్యానీ, ఇరానీ చాయ్ అంటారు. పుస్తకాలూ అదే చెప్తాయి. ఇది నవాబుల నగరం, ముత్యాల నగరం, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ నగరం. కానీ ఊళ్లో వెలివాడ నుంచి బయల్దేరి, అమీర్‌పేటలో బస్సు దిగిన పిల్లవాడ్ని అడిగి చూడండి. వాడి జవాబు వేరే ఉంటది. "ఇక్కడ నన్నెవరూ ఏమీ అడగరు" అంటాడు. ఈ ఒక్క మాటలో ఉన్న ప్రేమను మన నగర చరిత్రలు పట్టించుకోలేదు. ఆ ప్రేమ ఎక్కడ్నించి వచ్చింది, దానికి నగరం ఏం బదులిచ్చింది అన్నదే ఈ వ్యాసం చూడదల్చుకున్న విషయం.

పల్లె చల్లనిది, పట్నం పాడుది అన్నది ఊరి నడిబొడ్డున ఇల్లున్నోళ్లు రాసుకున్న సాహిత్యం. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ఈ గ్రామ ప్రేమను సూటిగా ఖండించారు. గ్రామమంటే సంకుచితత్వానికీ అజ్ఞానానికీ నెలవు అన్నది ఆయన వాదన. అది నిజమని 1985 జులై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో నెత్తుటితో రుజువైంది. కారంచేడు బాధితులు ప్రాణాలు దక్కించుకోడానికి పరుగెత్తింది చీరాలకు. చుండూరు బాధితులు తలదాచుకున్నది తెనాలిలో. పట్నం మనవాళ్లకు మోజు కాదు, ఆసరా.

హైదరాబాద్ విషయంలో ఈ ఆసరా ఊరికే దొరికింది కాదు, మనవాళ్లు కట్టుకున్నది. 1888 మే 22న ఇదే నగరంలో మాల కుటుంబంలో పుట్టిన మాదరి భాగయ్య, భాగ్యరెడ్డి వర్మ అయ్యారు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టి హరికథలతో, భజనలతో వాడవాడనా జనాన్ని కదిలించారు. 1910లో ఇసామియా బజారులో దళిత పిల్లలకు బడి తెరిచారు. అట్లా మొదలైన బడులు 26 దాకా పెరిగాయి. 1917 నవంబరులో బెజవాడ సభకు అధ్యక్షత వహించి 'పంచమ' అన్న పేరును తోసేసి 'ఆది ఆంధ్ర' అనే పేరును నిలబెట్టారు. 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యంలోని దళితులు 'ఆది హిందువులు'గా నమోదు కావడం వెనక ఆయన ఉద్యమమే ఉంది. నగరం మీద దళితుడు మొదట అడిగింది రెండే: కూచోడానికి బడిలో చోటు, పిలిపించుకోడానికి గౌరవమైన పేరు.

ఇసామియా బజారు బడి చాదర్‌ఘాట్, సుల్తాన్ బజార్ వైపుది. అప్పటికి అమీర్‌పేట, పంజాగుట్టలు నగరానికి వెలుపలి ఊళ్లు. అయినా నూరేళ్ల తర్వాత చదువు కోసం వాడ పిల్లలు మళ్లీ గుంపులుగా చేరింది ఇక్కడికే. 1990ల చివర్నుంచి మైత్రీవనం చుట్టూ, ఆదిత్య ఎన్‌క్లేవ్ బ్లాకుల్లో కంప్యూటర్ కోచింగ్ సెంటర్లు కిక్కిరిశాయి. ఇక్కడొక రివాజుంది. మొదటి రోజు డెమో క్లాసు ఉచితం. ఎవరైనా పోయి కూచోవచ్చు. ముందు బెంచీలో కూచున్నా లెమ్మనేవాడు లేడు. ఊరి బడిలో వెనక కూచున్నవాడికి ఆ ముందు బెంచీ విలువేమిటో చెప్పనక్కర్లేదు. జిరాక్స్ షాపులో నోట్సు, రోడ్డు పక్క టిఫిన్ బండి, హాస్టల్‌లో ఒక మంచం — వీటిమీద ప్రేమ పుట్టిందంటే అందుకే.

అయితే మురిసిపోనక్కర్లేదు. భాగ్యరెడ్డి వర్మ బడి ఉద్యమం పెట్టిన బడి. అమీర్‌పేటది అంగడి. 1991 నుంచి ప్రభుత్వ ఉద్యోగాలు కుంచించుకుపోయాయి, ప్రైవేటు ఉద్యోగంలో రిజర్వేషన్ లేదు. కాబట్టి కూలి డబ్బుల్తో కోర్సు కొనుక్కోవాల్సి వచ్చింది. ఇక గది అద్దెకు అడిగితే నగరం అసలు రూపు బయటపడుతుంది. క్లాసులో అడగని ప్రశ్న గుమ్మంలో అడుగుతారు. "ఏ ఊరు? ఇంటిపేరేంటి? మీరేమిట్లు? నాన్‌వెజ్ తింటారా?" నాలుగు ప్రశ్నలకూ అర్థం ఒక్కటే. టు-లెట్ బోర్డు కింద 'శాకాహారులకు మాత్రమే' అని రాస్తే కులం పేరు రాయనక్కర్లేదు కదా! పిల్లవాడు ఇంటిపేరు మార్చి చెప్తాడు. వాడు ప్రేమించిన నగరం వాడిచేత మొదట చేయించే పని అబద్ధమాడించడం.

వీధిలో నడిచే మనిషికి పేరు లేనంతసేపే స్వేచ్ఛ. పేరుతో నిలబడితే ఏమవుతుందో అమీర్‌పేటకు ఆనుకునే ఉన్న పంజాగుట్ట చౌరస్తా చూపించింది. 2019 ఏప్రిల్‌లో, అంబేడ్కర్ జయంతి ముందర, దళిత కార్యకర్తలు అక్కడ ఆయన విగ్రహం నిలబెట్టారు. అనుమతి లేదని 13వ తేదీ తెల్లవారుజామున నగరపాలక సంస్థ దాన్ని తీయించింది. విరిగిన విగ్రహం చెత్త బండిలో జవహర్‌నగర్ డంపింగ్ యార్డు దగ్గర కనబడింది. అదే చౌరస్తాలో అప్పటికే ఒక మాజీ ముఖ్యమంత్రి విగ్రహం ఉంది. ఈ నగరం రోడ్లను తెల్లారకముందే ఊడ్చేవాళ్లలో అత్యధికులు దళితులు. ఊడ్చే చేతులకు చౌరస్తా కావాలి, ఆ చేతుల నాయకుడికి మాత్రం అక్కడ జాగా లేదు!

జనం ఊరుకోలేదు. ధర్నాలు చేశారు, నిలదీశారు. నాలుగేళ్ల తర్వాత, 2023 ఏప్రిల్ 14న పంజాగుట్టలో ప్రభుత్వమే అంబేడ్కర్ విగ్రహాన్ని ఆవిష్కరించింది. అదే రోజు హుస్సేన్ సాగర్ దగ్గర 125 అడుగుల విగ్రహమూ లేచింది. ఇది పాలకుల దయ అనుకుంటే చరిత్రను తప్పు చదివినట్టే. 1910లో బడి తెరిచిన పట్టుదలే ఇక్కడా పనిచేసింది. విగ్రహం లేచినంత మాత్రాన టు-లెట్ బోర్డు మారలేదన్నదీ మరవకూడదు.

గుట్ట మీద పంజా గుర్తు, అంటే అరచేతి ముద్ర, ఉందనే పంజాగుట్టకు ఆ పేరు వచ్చిందంటారు. ఒక చేతి ముద్రను పేరులో ఇన్నేళ్లుగా దాచుకున్న నగరం, తనను కట్టిన, ఊడ్చిన, చదివి నిలబెట్టిన చేతుల్ని ఎందుకు గుర్తుపెట్టుకోదు? "నన్నెవరూ ఏమీ అడగరు" అనే ప్రేమ దాక్కున్నవాడి ప్రేమ. "అడగండి, చెప్తాను, ఇల్లివ్వండి" అనగలిగిన రోజు అది హక్కు అవుతుంది. విద్యార్థి సంఘాలు విగ్రహాల దగ్గర ఆగిపోకుండా అద్దె ఇళ్ల గుమ్మాల దాకా ఈ పోరాటాన్ని తీసుకుపోవాలె. నగర చరిత్ర రాసేవాళ్లు ఆ గుమ్మాల దగ్గర్నుంచే మొదలుపెట్టాలె.