పురుగు తిన్న పుట్టగొడుగు మనం తినొచ్చా? ఫాబ్రే కథ

మా నాయనమ్మ దగ్గర ఒక టెస్ట్ ఉండేది. వానలకి గట్టు మీద పుట్టగొడుగులు మొలిస్తే ఒకటి పీకి చీల్చి చూసేది. లోపల పురుగు కనిపిస్తే, "పురుగు తిని బతికింది కదరా, మనకేం కాదు" అనేది. లాజిక్ బాగానే ఉందనిపిస్తుంది. ఫ్రాన్స్ పల్లెల్లో కూడా జనం సరిగ్గా ఇదే నమ్మేవాళ్లు. ఆ నమ్మకాన్ని పరీక్షకి పెట్టిన ఒక బడిపంతులు కథే ఈరోజు ఎపిసోడ్. పేరు జాన్ ఆన్రి ఫాబ్రే. 1823లో దక్షిణ ఫ్రాన్స్‌లో ఒక పేద కుటుంబంలో పుట్టాడు.

పుట్టగొడుగుల దాకా వెళ్లే ముందు ఒక కందిరీగ గురించి చెప్పాలి. ఎందుకంటే ఆయన పద్ధతంతా అక్కడే ఉంది.

నేలలో బొరియ తవ్వుకునే ఒక జాతి కందిరీగ ఉంది. అది పెంకుపురుగుల్ని పట్టి బొరియలో దాస్తుంది, వాటి మీద గుడ్డు పెడుతుంది. విచిత్రం ఏంటంటే ఆ పురుగులు కదలవు, కానీ ఎన్ని రోజులైనా కుళ్లవు. అప్పట్లో లెయోన్ ద్యుఫూర్ అని పేరున్న డాక్టర్, కీటక శాస్త్రవేత్త ఉండేవాడు. "కందిరీగ వాటిని చంపి, కుళ్లకుండా ఏదో మందు ఎక్కిస్తోంది" అని ఆయన రాశాడు. పెద్దాయన చెప్పాడు, అందరూ సరే అన్నారు.

ఫాబ్రేకి అప్పుడు 30 ఏళ్లు దాటాయంతే. వేసవి చివర్లో, సెప్టెంబరులో, ఇదే రకం కందిరీగలు ముక్కుపురుగుల్ని మోసుకెళ్తుంటే మట్టిగట్టు దగ్గర కాపు కాశాడు. బొరియలు తవ్వి ఆ పురుగుల్ని బయటికి తీశాడు. చూస్తే అవి చావలేదు! రెట్ట వేస్తున్నాయి. కరెంటు తగిలిస్తే కాళ్లు కదులుతున్నాయి. అంటే చంపలేదు, పక్షవాతం తెప్పించింది. పిల్లపురుగుకి తాజా తిండి కావాలి, కానీ ఆ తిండి కదిలి దాన్ని నలిపేయకూడదు. అందుకే ఆ ఏర్పాటు.

అక్కడితో ఆగలేదు. కందిరీగ ఎక్కడ కుడుతోందో చూసి, అదే చోట పెన్ను పాళీతో చుక్క అమ్మోనియా ఎక్కించాడు. నాడీ ముడులన్నీ ఒకేచోట దగ్గరగా ఉన్న పురుగులు వెంటనే చచ్చుబడ్డాయి. ముడులు దూరదూరంగా ఉన్న పురుగులు అలా పడిపోలేదు. కందిరీగ ఆ జాతినే ఎందుకు వేటాడుతుందో అప్పుడు అర్థమైంది. 1855లో ఇది అచ్చయింది. తర్వాత డార్విన్ అంతటివాడు ఫాబ్రేని సాటిలేని పరిశీలకుడని మెచ్చుకున్నాడు.

మెచ్చుకోలు వచ్చింది గానీ ఇల్లు గడవడం కష్టంగానే ఉండేది. అవిన్యోన్‌లో టీచర్‌గా ఉంటూ, ఆడపిల్లలకి కూడా సైన్స్ పాఠాలు మొదలుపెట్టాడు. పువ్వులో పరాగసంపర్కం ఎలా జరుగుతుందో చెప్పాడు. అంతే! ఊళ్లో సంప్రదాయవాదులు గగ్గోలు పెట్టారు. ఐదుగురు పిల్లలున్న కుటుంబాన్ని ఇల్లు ఖాళీ చేయమన్నారు. 1870లో ఉద్యోగమూ వదిలేయాల్సి వచ్చింది. అప్పుడు 3,000 ఫ్రాంకులు అప్పిచ్చి ఆదుకున్నది ఎవరో తెలుసా? జాన్ స్టూవర్ట్ మిల్. అవును, "ఆన్ లిబర్టీ" రాసిన తత్వవేత్తే. మిల్ భార్య సమాధి అవిన్యోన్‌లో ఉంది, దాని దగ్గర్లోనే ఆయనకి ఇల్లు ఉండేది. మొక్కల పిచ్చి ఇద్దర్నీ కలిపింది. 1873 మే మొదట్లో ఇద్దరూ మొక్కల కోసం మైళ్ల కొద్దీ తిరిగారు. కొద్ది రోజులకే మిల్ చనిపోయాడు.

ఫాబ్రే పాఠ్యపుస్తకాలు రాసి పొట్ట పోసుకున్నాడు, అప్పు తీర్చాడు. 1879లో, 55 ఏళ్ల వయసులో, సెరిన్యాన్ అనే పల్లెలో ఒక రాళ్ల భూమి కొన్నాడు. అక్కడి భాషలో దాన్ని "అర్మాస్" అంటారు, మన మాటలో బీడు. పంట పండదు, ముళ్లమొక్కలు తప్ప ఏమీ లేవు. కానీ ఆ ముళ్లపూలకే తేనెటీగలు, కందిరీగలు వస్తాయి. ఆయనకి కావాల్సింది అదే. 1915లో చనిపోయేదాకా, 36 ఏళ్లు అక్కడే ఉన్నాడు. కీటకాల మీద పది సంపుటాలు రాశాడు.

ఇప్పుడు పుట్టగొడుగులు. మొక్కనైతే ఎండబెట్టి కాగితంలో దాచొచ్చు. పుట్టగొడుగు దాగదు, రంగూ ఆకారమూ పోతాయి. అందుకని వందల రకాలకి వాటర్‌కలర్ బొమ్మలు వేశాడు. వాటిని తినే పురుగుల్ని కూడా గమనించి నాయనమ్మ టెస్ట్‌కి జవాబు చెప్పాడు: పురుగు సాక్ష్యం చెల్లదు. మనకి విషమైనది దానికి విందు. దాని కడుపు వేరు, మన కడుపు వేరు.

మరి ఆ ఊళ్లోవాళ్లు ఎలా బతికారు? పుట్టగొడుగుల్ని ఉప్పునీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, చల్లనీళ్లలో కడిగి వండుకునేవాళ్లు. ఫాబ్రే ఆ పద్ధతిని మెచ్చుకున్నాడు కూడా. ఇక్కడ మాత్రం జాగ్రత్త. డెత్ క్యాప్ అనే పుట్టగొడుగులోని విషం ఎంత ఉడికించినా పోదు. తిన్న చాలా గంటలకి గానీ లక్షణాలు బయటపడవు, ఆలోపు లివర్ దెబ్బతినడం మొదలవుతుంది. ఒక ఊళ్లో నిలిచిన వంట ఇంకో ఊరి పుట్టగొడుగుకి గ్యారంటీ కాదు. ఫాబ్రే అన్నిట్లోనూ కరెక్టేం కాదు. పరిణామ సిద్ధాంతాన్ని చివరిదాకా ఒప్పుకోలేదు.

ద్యుఫూర్ మాటని ఎలా పరీక్షించాడో, ఫాబ్రే మాటని కూడా మనం అలాగే పరీక్షించాలి. నాయనమ్మకి ఈ కథ చెప్పే అవకాశం నాకు దొరకలేదు. మీ ఇంట్లో ఆ టెస్ట్ ఇంకా నమ్మేవాళ్లుంటే మీరైనా చెప్పండి. భాద్రపదంలో గట్టు పక్కన కూర్చుని పురుగుల్ని చూడండి, పుట్టగొడుగుల్ని చూడండి, ఫొటోలు తీయండి. నిపుణులు చెప్పకుండా నోట్లో మాత్రం పెట్టుకోకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండి.