అలర్జీ మందులు: చరిత్ర, ఎంపిక, వాడకం

తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురద, ఒంటి మీద దద్దుర్లు వంటి బాధలను తగ్గించడానికి వాడే మందులను అలర్జీ మందులంటారు. వీటిలో ఎక్కువ భాగం శరీరంలో విడుదలయ్యే హిస్టమిన్ అనే పదార్థం పనిని అడ్డుకుంటాయి. అందుకే వాటికి యాంటీహిస్టమిన్లు అని పేరు. మంచిర్యాల జిల్లా కాసిపేట నుంచి రామగుండం, గోదావరిఖని దాకా సింగరేణి బొగ్గు ప్రాంతంలో ‘సిట్రజిన్’ (సెటిరిజిన్), ‘ఎవిల్’ గోళీల పేరు తెలియని ఇల్లు అరుదు. బాయి (బొగ్గుగని) దిగేవాళ్లు, భారీ యంత్రాలు నడిపేవాళ్లు ఎక్కువగా ఉన్న ఈ ప్రాంతంలో అలర్జీ గోళీ కొనేటప్పుడు మొదట చూడాల్సింది అది తెచ్చే మత్తు. ఎనభై ఏళ్లకు పైబడిన ఈ మందుల చరిత్రలో పెద్ద భాగం ఆ మత్తును వదిలించుకునే ప్రయత్నమే.

హిస్టమిన్‌ను గుర్తించడం

ఆయుర్వేదం దద్దుర్లను శీతపిత్తం పేరుతో వర్ణించింది. ఆధునిక వైద్యంలో 1902లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త షార్ల్ రిషే, ఒకసారి శరీరంలోకి వెళ్లిన పదార్థం రెండోసారి కొద్దిగా చేరినా ప్రాణం మీదికి తేగలదని చూపాడు. దీన్నే అనఫిలాక్సిస్ అంటారు. ఆ పరిశోధనకు ఆయనకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. ‘అలర్జీ’ అనే పేరు 1906లో ఆస్ట్రియా వైద్యుడు క్లెమెన్స్ వాన్ పిర్కే పెట్టాడు. 1910లో ఇంగ్లండ్‌లో హెన్రీ డేల్, పాట్రిక్ లేడ్లా హిస్టమిన్ శరీరంపై ఏం చేస్తుందో వివరించారు.

పుప్పొడి, దుమ్ములోని సూక్ష్మకీటకాలు, కొన్ని ఆహారాలు, కొన్ని మందులు పడనివాళ్లకు అవి తగిలినప్పుడు మాస్ట్ కణాలు హిస్టమిన్‌ను వదులుతాయి. దానివల్ల సన్నని రక్తనాళాలు వ్యాకోచించి, వాటి నుంచి నీరు బయటికి ఊరుతుంది. చర్మం మీద దద్దు లేవడం, ముక్కు కారడం, కళ్లు ఎర్రబడటం అన్నీ దాని ఫలితాలే. యాంటీహిస్టమిన్ ముందుగానే హిస్టమిన్ గ్రాహకాన్ని ఆక్రమించుకుంటుంది. బాధ తగ్గుతుంది గానీ, అలర్జీకి మూలమైన కారణం అలాగే ఉంటుంది.

మొదటి తరం మందులు

1937లో పారిస్ పాశ్చర్ సంస్థలో డేనియల్ బోవే, ఆన్‌మరీ స్టాబ్ హిస్టమిన్‌ను అడ్డుకునే తొలి పదార్థాలను కనుగొన్నారు. అవి మనుషులకు ఇవ్వలేనంత విషపూరితమైనవి. 1942లో రోగులకు ఇవ్వదగిన తొలి మందు యాంటెర్గాన్ ఫ్రాన్స్‌లో వచ్చింది. అమెరికాలో జార్జ్ రీవ్‌షల్ తయారుచేసిన డైఫెన్‌హైడ్రమిన్‌కు 1946లో అనుమతి లభించింది. బెనడ్రిల్ పేరు దానిదే. ఆ దశాబ్దంలోనే ప్రోమెథజిన్ (ఫెనర్గాన్), క్లోర్‌ఫెనిరమిన్ (సీపీఎం), ఫెనిరమిన్ (ఎవిల్) వచ్చాయి. బోవేకు 1957లో నోబెల్ బహుమతి దక్కింది.

ఈ మందులన్నిటికీ ఉమ్మడి లోపం ఒకటుంది. ఇవి మెదడులోకి చేరి, అక్కడ మనల్ని మెలకువగా ఉంచే హిస్టమిన్‌ను కూడా అడ్డుకుంటాయి. అందుకే నిద్ర ముంచుకొస్తుంది, స్పందన మందగిస్తుంది. నోరు ఎండడం, మూత్రం ఆగిపోవడం, చూపు మసకబారడం కూడా ఉంటాయి.

ఆరోగ్యవరం, హెట్రాజాన్

అలర్జీకి దగ్గరగా కనిపించే ఒక జబ్బు చరిత్ర తెలుగు నేలతో ముడిపడి ఉంది. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ శానటోరియం వైద్యులు ఫ్రిమొట్ మోలర్, బార్టన్ 1940లో క్షయలా కనిపిస్తూ, రక్తంలో ఈసినోఫిల్ కణాలు విపరీతంగా పెరిగే జబ్బును వర్ణించారు. తర్వాత దానికి ట్రాపికల్ ఈసినోఫిలియా అనే పేరు స్థిరపడింది. రాత్రిళ్లు దగ్గు, ఆయాసం దాని గుర్తులు. బోదకాలు పురుగుల మీద శరీరం చూపే తీవ్ర ప్రతిస్పందనే దీనికి మూలం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల 1947లో వెలువరించిన హెట్రాజాన్ దీనికి సరైన మందయింది. రాత్రి దగ్గును అలర్జీ అనుకుని నెలల తరబడి సెటిరిజిన్ వేసుకుంటే ఈ జబ్బు తగ్గదు. రక్తపరీక్ష చేయించుకుని, దానికి తగిన మందు వాడాలి.

మత్తు తగ్గిన రెండో తరం

మెదడులోకి అంతగా చేరని మందులు 1980లలో వచ్చాయి. టెర్ఫెనడిన్ 1985లో అమెరికా మార్కెట్‌కు వచ్చి, నిద్ర రాని అలర్జీ మందుగా పేరు తెచ్చుకుంది. అయితే ఎరిత్రోమైసిన్ వంటి కొన్ని మందులతో కలిపి వాడినప్పుడు గుండె లయ ప్రాణాంతకంగా తప్పుతుందని బయటపడింది. ఆస్టెమిజోల్‌కూ అదే ముప్పు ఉందని తేలింది. 1990ల చివర రెండింటినీ అమెరికాలో ఉపసంహరించారు. టెర్ఫెనడిన్ శరీరంలో మారి ఏర్పడే ఫెక్సోఫెనడిన్‌కు ఆ ప్రమాదం లేదని గుర్తించి, దాన్నే మందుగా 1996లో అనుమతించారు. బెల్జియం కంపెనీ యూసీబీ 1987లో తెచ్చిన సెటిరిజిన్ కూడా హైడ్రాక్సిజిన్ అనే పాత మందు శరీరంలో మారగా ఏర్పడేదే. అమెరికాలో ఇదే తరానికి చెందిన లోరాటడిన్ 2002లో, సెటిరిజిన్ 2007లో, ఫెక్సోఫెనడిన్ 2011లో డాక్టర్ చీటీ అక్కర్లేని మందులయ్యాయి.

హైదరాబాద్ పాత్ర

ఈ మందులు మన ఊళ్లలో చౌకగా దొరకడానికి 1970 పేటెంట్ల చట్టం దారి తీసింది. మందుకు కాక, తయారీ పద్ధతికే పేటెంట్ ఇవ్వడంతో భారతీయ కంపెనీలు వేరే పద్ధతుల్లో అవే మందులను చేయగలిగాయి. ప్రభుత్వ రంగ సంస్థ ఐడీపీఎల్ హైదరాబాద్ బాలానగర్‌లో పెట్టిన కర్మాగారం ఎందరో రసాయన శాస్త్రజ్ఞులను తీర్చిదిద్దింది. అక్కడ పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించారు. 2011లో ఆ సంస్థ చీటీ అక్కర్లేని ఫెక్సోఫెనడిన్ గోళీలను అమెరికా షాపులకు పంపింది.

చట్టం, మెడికల్ షాపు

మన దేశంలో మందుల అమ్మకాన్ని 1940 ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం, 1945 నియమాలు నడిపిస్తాయి. పలు యాంటీహిస్టమిన్లు షెడ్యూల్ ‘జి’లో ఉన్నాయి. వైద్యుల పర్యవేక్షణ లేకుండా వాడటం ప్రమాదకరమన్న హెచ్చరిక వాటి లేబుల్ మీద ఉండాలి. గోళీల పట్టీ వెనక్కి తిప్పి చూస్తే ఆ వాక్యం చీమంత అక్షరాల్లో కనిపిస్తుంది. చీటీతోనే అమ్మాల్సిన మందు లేబుల్ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటుంది.

కొన్ని ప్రభుత్వ నిర్ణయాలు ఈ మందులకు నేరుగా సంబంధించినవి. 2016 మార్చిలో కేంద్రం నిషేధించిన 344 మిశ్రమ మందుల్లో జలుబు, దగ్గు మందులు చాలా ఉన్నాయి. 2018లో ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పైపూతలను చీటీ మందులుగా మార్చింది. 2023 డిసెంబరులో క్లోర్‌ఫెనిరమిన్, ఫెనైలెఫ్రిన్ కలిసిన జలుబు మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని లేబుల్ మీద ముద్రించాలని ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది.

కాసిపేట ప్రాంతంలో

కాసిపేట మండలంలో సింగరేణి మందమర్రి ఏరియాకు చెందిన భూగర్భ గనులు ఉన్నాయి. దేవాపూర్ సిమెంటు కర్మాగారం 1982 నుంచి నడుస్తోంది. ఇలాంటి పనిస్థలాల్లో వచ్చే బాధలన్నీ అలర్జీలు కావు. గోళీ వేసుకునే ముందు ఈ తేడా తెలియాలి.

బొగ్గు దుమ్ము గొంతును, ఊపిరితిత్తులను రాపిడి చేసి దగ్గు తెస్తుంది. ఏళ్ల తరబడి పీలిస్తే న్యుమోకోనియోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. దానిమీద యాంటీహిస్టమిన్ ఏమీ చేయలేదు. తడి సిమెంటులోని క్రోమియం కొందరి చేతులకు నిజంగానే అలర్జీ తెస్తుంది. అక్కడ గోళీ దురదను కొంత తగ్గిస్తుందేమో గానీ, చేతితొడుగులు లేకుండా పని సాగితే పుండు మానదు. 1950లలో పుణె దగ్గర కనిపించి దేశమంతా పాకిన వయ్యారిభామ కలుపు కూడా చర్మానికి, ముక్కుకు అలర్జీ కలిగిస్తుంది. చెమటలో తడిసే బాయి పనివాళ్లకు గజ్జల్లో వచ్చే తామరకు ఫంగస్ మందు కావాలి. స్టెరాయిడ్ కలిసిన పూత రాస్తే అది కొన్నాళ్లు అణిగి, తర్వాత ఒళ్లంతా పాకుతుంది. రాత్రిపూట ఇంట్లో అందరూ గోక్కుంటుంటే గజ్జి అయ్యుండొచ్చు.

మత్తు సంగతి ఇక్కడ మరీ ముఖ్యం. సీపీఎం పెద్దవాళ్ల శరీరంలో సగానికి తగ్గడానికే దాదాపు 20 గంటలు పడుతుంది. రాత్రి పడుకునే ముందు వేసుకున్న గోళీ మొదటి షిఫ్ట్‌లోనూ ప్రభావం చూపగలదు. మస్టర్ (హాజరు) పోతుందని సర్దితోనే డ్యూటీకి వచ్చి, దారిలో గోళీ మింగి యంత్రం ఎక్కడం తనకూ తోటివాళ్లకూ ముప్పే. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ పైలట్లకు సెటిరిజిన్ వద్దంటుంది. ఫెక్సోఫెనడిన్, లోరాటడిన్‌లను అనుమతిస్తుంది. డంపర్, బొగ్గు ఎత్తిపోసే ఎస్‌డీఎల్ యంత్రం నడిపేవాళ్లకు, పైకప్పు కింద దన్నులు పెట్టేవాళ్లకు అంతటి జాగ్రత్తే తగును.

ఏ బాధకు ఏ మందు

తుమ్ములు, ముక్కు కారడం, దద్దుర్లు ఉన్న ఆరోగ్యవంతులైన పెద్దలకు సెటిరిజిన్ 10 మి.గ్రా. లేదా లోరాటడిన్ 10 మి.గ్రా. రోజుకు ఒక గోళీ సరిపోతుంది. ఫెక్సోఫెనడిన్ ముక్కు అలర్జీకి 120, దద్దుర్లకు 180 మి.గ్రా. రోజుకొకటి వాడతారు. దాన్ని మంచినీళ్లతోనే మింగాలి. పళ్లరసంతో, ఎసిడిటీ మందుతో వేసుకుంటే ఒంటికి పట్టేది తగ్గుతుంది. సెటిరిజిన్ కొందరికి మత్తు తెస్తుంది కాబట్టి, మొదటిసారి సెలవు రోజున వేసుకుని చూడాలి.

ముక్కు మూసుకుపోవడం ఎక్కువగా ఉంటే గోళీ కంటే ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే బాగా పనిచేస్తుంది. దాన్ని డాక్టర్ సలహాతో రోజూ వాడాలి. జైలోమెటజోలిన్ వంటి ముక్కు చుక్కలను వారానికి మించి వాడితే, మానగానే ముక్కు ఇంకా గట్టిగా మూసుకుపోతుంది.

జాగ్రత్తలు

జలుబు గోళీల్లో చాలావాటిలో సీపీఎం ముందే ఉంటుంది. దానికి తోడు సెటిరిజిన్ వేసుకుంటే మత్తు ఇంకా పెరుగుతుంది. కల్లు, సారా, నిద్రమాత్రలతో కలపకూడదు. ప్రోస్టేట్ వాపు, కంట్లో నీటికాసులు ఉన్నవాళ్లు పాత తరం మందులు వాడరాదు. మూత్రపిండాల జబ్బుంటే సెటిరిజిన్ మోతాదు తగ్గించాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టర్‌ను అడిగే వేసుకోవాలి. రెండేళ్లలోపు పిల్లలకు ప్రోమెథజిన్ ఇవ్వకూడదు. సెటిరిజిన్ తరహా లీవోసెటిరిజిన్‌తో కలిపి అమ్మే మాంటెలుకాస్ట్ అనే మందు నిద్రను, మనసును కలతపెట్టవచ్చని అమెరికా ఔషధ సంస్థ 2020లో గట్టి హెచ్చరిక చేర్చింది. బెట్నసాల్ వంటి స్టెరాయిడ్ గోళీలను దురదకు సొంతంగా వాడితే షుగర్, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి.

పెదవులు, నాలుక వాయడం, గొంతు బిగుసుకోవడం, ఊపిరి ఆడకపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం అనఫిలాక్సిస్ గుర్తులు. దానికి మందు తొడ కండరంలో వేసే అడ్రినలిన్ ఇంజెక్షన్. సెటిరిజిన్ పనిచేసేదాకా ఆగే సమయం అప్పుడు ఉండదు. 2005 ఆగస్టులో హైదరాబాద్‌లో మొదలైన 108 సేవకు వెంటనే ఫోన్ చేయాలి, లేదా దగ్గరి ఆసుపత్రికి చేర్చాలి.

మెడికల్ షాపులో అలర్జీ గోళీ అడిగేటప్పుడు మూడు సంగతులు చెప్పండి: ఏ పని చేస్తారో, ఇంకే మందులు వాడుతున్నారో, ఏ షిఫ్ట్‌కు వెళ్లాలో. వారం వాడినా తగ్గని దురదను, రెండు వారాలు దాటిన దగ్గును డాక్టర్‌కు చూపించండి.